వారానికి ఒక్క సమీక్ష, ఏడాదికి 24 శుక్రవారాలు

మన తెలుగు బడుల్లో ఆగస్టు 29 ఘనంగా జరుగుతుంది. గిడుగు రామమూర్తి పంతులు పటానికి పూలదండ వేస్తాం. పద్యాల పోటీ, వక్తృత్వ పోటీ పెడతాం. గెలిచిన పిల్లలకు పుస్తకాలు బహుమతిగా ఇస్తాం. ఆ బహుమతి పుస్తకాన్ని పిల్లవాడు చదివాడో లేదో మళ్లీ ఏడాది ఆగస్టు దాకా ఎవరూ అడగరు. హోసూరు వైపు తెలుగు పాఠాలు చెప్పుకునే మా అభిప్రాయం ఇది: ఏడాదికి ఒకరోజు జరిపే పండగ కంటే, వారానికి ఒక పుస్తకం గురించి ఒక విద్యార్థి సొంతంగా రాసి బడి గోడబోర్డు మీద పెట్టిన అర పేజీ మన బడులకు ఎక్కువ మేలు చేస్తుంది. అయితే అది ఉత్సాహం మీద నడిచే పని కాదు, పట్టిక మీద నడిచే పని. ఏ వారం ఎవరు, ఏ రకం పుస్తకం, ఏ రోజు ఏ పని అన్నది బడి తెరిచిన నెలలోనే కాగితం మీద ఉండాలి.

ఇంత చిన్న సంగతికి ఇంత పట్టింపు ఎందుకని తల్లిదండ్రులు అడగవచ్చు. కారణం ఉంది. రాజ్యాంగంలోని 350ఎ అధికరణం భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకునే వసతి కల్పించమంటుంది. 30వ అధికరణం మన బడులను మనమే పెట్టి నడుపుకునే హక్కు ఇస్తుంది. ఈ హక్కుల కోసం పోరాడవలసిన చోట పోరాడుతూనే ఉన్నాం. తమిళనాడులో 2006లో వచ్చిన చట్టంతో తమిళం 2006-07లో ఒకటో తరగతి నుంచి మొదలై, ఏటా ఒక్కో తరగతి చొప్పున పైకి పాకి తప్పనిసరి పాఠ్యాంశమైంది. ఊరి భాష నేర్చుకోవడం పిల్లలకు అవసరమే, దానితో మాకు పేచీ లేదు. కానీ వారంలో తెలుగుకు మిగిలే వేళ తగ్గేకొద్దీ, ఆ మిగిలిన వేళను దేనికి వాడుతున్నామన్న ప్రశ్న పెద్దదవుతుంది.

దేనికి వాడుతున్నాం? ఎక్కువగా పాఠం వెనక ప్రశ్నలకు జవాబులు రాయించడానికి. ఆ జవాబులు గైడులో ఉంటాయి, లేదా బోర్డు మీద మేమే రాస్తాం. పిల్లలు దించుకుంటారు, వల్లెవేస్తారు, పరీక్షలో మళ్లీ రాస్తారు. అలా పది తరగతులు దాటిన పిల్లవాడికి తెలుగు చదవడం, రాయడం వస్తుంది. తనకు ఒక సంగతి ఎందుకు నచ్చిందో, ఎందుకు నచ్చలేదో తెలుగులో పది వాక్యాలు రాయమంటే మాత్రం కలం కదలదు. మార్కులు తెచ్చే తెలుగు వేరు, మనసులో మాట చెప్పుకునే తెలుగు వేరు. రెండోది రాకపోతే బడి గేటు దాటిన మర్నాడే మొదటిది కూడా మరుగున పడుతుంది. గైడులో జవాబు దొరకని రాత పిల్లల చేత రాయించడానికి పుస్తక సమీక్షకు మించిన సాధనం మాకు కనబడలేదు.

పెద్ద పట్టిక ఎందుకు నిలవదు

జూన్‌లో ఏ బడికి వెళ్లినా గోడబోర్డు కళకళలాడుతూ ఉంటుంది. రోజుకో సామెత, రోజుకో పద్యం, రోజుకో పుస్తకం పరిచయం అని రంగు కాగితాలతో శీర్షికలు అతికిస్తారు. త్రైమాసిక పరీక్షల నాటికి బోర్డు మీద ఆగస్టు నాటి కాగితమే ఉంటుంది. డిసెంబరుకు దాని అంచులు మెలిపడతాయి. ఇది ఉపాధ్యాయుల బద్ధకం కాదు. చాలా బడుల్లో తెలుగుకు ఉన్నది ఒక్కరే. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా ఆ ఒక్కరే చెప్పాలి, దిద్దాలి, ఎన్నికల పనికీ గణనల పనికీ పోవాలి. రోజూ జరగవలసిన పని ఆ ఒక్క మనిషి మీద పడితే నెల రోజుల్లో ఆగిపోతుంది. పట్టిక వేసేటప్పుడే ఈ లెక్క చూసుకోవాలి.

లెక్క ఇలా వేసుకుందాం. విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు ఏడాదికి 220 పనిదినాలు ఉండాలి. చెప్పుకోవడానికి నలభై వారాలకు పైనే. అందులో పరీక్షలు, పండగలు, ఆటల పోటీలు, వానల సెలవులు తీసేస్తే నిక్కంగా చేతికి వచ్చే శుక్రవారాలు ముప్ఫై ఉంటాయేమో. మేము ఆ ముప్ఫైకి కూడా పట్టిక వేయవద్దంటాం. ఇరవై నాలుగుకే వేయాలి. తమిళనాడు బడి క్యాలెండరులో జూన్ చేరికలకు, సెప్టెంబరు త్రైమాసికానికి, డిసెంబరు అర్ధ సంవత్సరానికి, మార్చి ఏడాది పరీక్షలకు పోతాయి. జులై, ఆగస్టు, అక్టోబరు, నవంబరు, జనవరి, ఫిబ్రవరి మిగులుతాయి. నెలకు నాలుగు చొప్పున ఆరు నెలలకు ఇరవై నాలుగు. కర్ణాటకలో దసరా సెలవులు, మహారాష్ట్రలో దీపావళి సెలవులు, ఒడిశాలో ఏప్రిల్‌లోనే మొదలయ్యే చదువు సంవత్సరం చూసుకుని ఎవరి నెలలు వారు మార్చుకోవచ్చు. మారకూడనిది ఒక్కటే. పరీక్షల నెలలో సమీక్ష పెట్టకూడదు. అక్కడ ఒక్క వారం తప్పితే పిల్లలకు పట్టిక మీద నమ్మకం పోతుంది.

తరగతిలో ఇరవై నాలుగు మంది ఉంటే ఒక్కొక్కరికి ఏడాదికి ఒక వంతు. పన్నెండు మందే ఉంటే రెండు వంతులు. నలభై ఎనిమిది మంది ఉంటే ఇద్దరిద్దరు కలిసి చదివి, ఇద్దరూ చెరో పావు పేజీ రాస్తారు. ఇద్దరి అభిప్రాయాలూ కలవకపోతే ఇంకా మంచిది. పేర్లు చీటీలు వేసి తీయాలి, మార్కుల వరస చూడకూడదు. బాగా చదివే నలుగురి చేతే మళ్లీ మళ్లీ రాయిస్తే బోర్డు అందంగా ఉంటుంది, మిగతా ఇరవై మందికి అది గోడలాగే కనిపిస్తుంది. చీటీల్లో ఉపాధ్యాయుల పేరు కూడా ఒకటి ఉండాలి. అయితే మొదటి వారం మాత్రం వారిది కాకూడదు. మొదట మేము రాస్తే మిగిలిన ఇరవై మూడూ మా రాతకు నకళ్లే అవుతాయి.

నెలలో నాలుగు వారాలు, నాలుగు రకాలు

పుస్తకాన్ని పూర్తిగా పిల్లల ఇష్టానికి వదిలేస్తే ఏడాదంతా తెనాలి రామకృష్ణుడి కథలే వస్తాయి. ఆ కథలు మంచివే, కానీ ఇరవై నాలుగు సార్లు అక్కర్లేదు. అలాగని పుస్తకాన్ని మేమే నిర్ణయించి చేతిలో పెడితే అది ఇంకో పాఠ్యపుస్తకం అవుతుంది. అందుకే రకాన్ని పట్టిక నిర్ణయించాలి, పుస్తకాన్ని పిల్లలు ఎంచుకోవాలి.

మొదటి వారం కథల వారం. ముళ్లపూడి వెంకటరమణ ‘బుడుగు’ నుంచి నామిని ‘సినబ్బ కతలు’ దాకా ఏదైనా కావచ్చు. పెద్ద తరగతుల వారికి స.వెం.రమేశ్ ‘ప్రళయకావేరి కథలు’ ఇవ్వవచ్చు. పులికాట్ సరస్సు చుట్టుపక్కల తెలుగువారి మాటలు, తిండి, ఆటలు అందులో ఉన్నాయి. సరిహద్దు ఊళ్లలో మాట్లాడుకునే తెలుగు అచ్చులో కనబడితే మన పిల్లల ముఖాలు ఎలా వెలుగుతాయో చూడవలసిందే.

రెండో వారం కథ కాని పుస్తకానికి. పక్షులు, చుక్కలు, శాస్త్రవేత్తల జీవితాలు, ప్రయోగాలు. పనికిరాని వస్తువులతో ఆటబొమ్మలు చేయించే అరవింద్ గుప్తా పుస్తకాలు తెలుగులోనూ ఉన్నాయి. అలాంటి పుస్తకాన్ని సమీక్షించే పిల్లవాడు అందులోని ఒక బొమ్మనైనా చేసి చూడాలి. పుస్తకంలో చెప్పినట్టు చేస్తే వచ్చిందా, ఎక్కడ అర్థం కాలేదు, బొమ్మ సరిగ్గా ఉందా అని రాయాలి. కథలంటే ముఖం తిప్పుకునే పిల్లలు చాలామంది ఈ వారంలోనే దారికి వస్తారు.

మూడో వారం రెండు భాషల వారం. ఇది మన బడులకే ప్రత్యేకం. మన పిల్లలకు రెండు భాషలు రావడాన్ని ఇంతకాలం బరువుగానే చూశాం, దాన్ని బలంగా చూసే వారం ఇది. పొరుగు భాషలో చదివి తెలుగులో సమీక్ష రాయాలి. తమిళనాడులో పెద్ద తరగతి పిల్లలు కి. రాజనారాయణన్ నవల ‘గోపల్లపురత్తు మక్కళ్’ నుంచి కొన్ని అధ్యాయాలు చదవవచ్చు. తెలుగు నేల నుంచి తమిళ నేలకు వలస వచ్చి స్థిరపడిన వారి ఊరు ఆ నవలలో ఉంది. దానికి 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. బళ్లారి, కోలారు పిల్లలకు కువెంపు ‘బొమ్మనహళ్లియ కిందరిజోగి’ ఉంది. షోలాపూర్, భివండి పిల్లలకు సానే గురూజీ ‘శ్యామ్‌చీ ఆయీ’ ఉంది. బరంపురం, రాయగడ, పర్లాకిమిడి పిల్లలకు ఫకీర్ మోహన్ సేనాపతి ‘రేబతీ’ ఉంది. చదువుకోవాలన్న ఒక ఆడపిల్ల ఆశ గురించి 1898లోనే వచ్చిన కథ అది. యానాంలో ఇంటా బయటా తెలుగే కాబట్టి అక్కడ ఈ వారాన్ని ఇంగ్లీషు పుస్తకానికి ఇవ్వవచ్చు. చిన్న తరగతులకైతే ఒకే బొమ్మల కథ రెండు భాషల్లోనూ దొరికే పుస్తకాలు చాలు. వెనకటి రోజుల్లో ఈ పని చందమామ చేసింది. 1947 జులైలో మద్రాసు నుంచి తెలుగులో చందమామగా, తమిళంలో అంబులిమామగా మొదలై, తర్వాత కన్నడంలో, మరాఠీలో చాందోబాగా, ఒడియాలో జహ్నమాముగా వెళ్లింది. పాత సంచికలు ఇంట్లో అటక మీద ఉంటే తల్లిదండ్రులు దించి పిల్లల చేతికివ్వండి.

నాలుగో వారం ఇంటి వారం. మన పిల్లల అమ్మానాన్నల్లో చాలామంది తెలుగు మాట్లాడతారు కానీ చదవలేరు. వారు చదువుకున్నది తమిళంలోనో కన్నడంలోనో మరాఠీలోనో. అసలు బడికే పోని అవ్వాతాతలూ ఉన్నారు. ఈ వారం పిల్లవాడు ఇంట్లో పుస్తకం బిగ్గరగా చదవాలి, అభిప్రాయం ఇంటివారు చెప్పాలి. వారు చెప్పినదాన్ని చెప్పినట్టే పిల్లవాడు రాయాలి. కింద రెండు పేర్లూ ఉండాలి: ‘చదివింది ఫలానా, అభిప్రాయం మా అవ్వ’. తెలుగు అక్షరం రాని తల్లికి తెలుగు బడి గోడ మీద తన మాట కనబడితే, ఆ బడి తనది కూడా అనిపిస్తుంది. చేరికల సమయంలో ఇల్లిల్లూ తిరిగి మేము చెప్పే మాటల కంటే అది గట్టిది.

కొన్ని నెలల్లో ఐదో శుక్రవారం వస్తుంది. దానికి ఎవరి పేరూ రాయకండి. తప్పిపోయిన వారం ఉంటే అక్కడ పూడ్చుకోవచ్చు. లేకపోతే నెలలో వచ్చిన నాలుగు సమీక్షలకు తోటి పిల్లలు జవాబులు రాయవచ్చు.

వారంలో ఏ రోజు ఏ పని

సోమవారం వచ్చే వారం వంతు ఉన్న విద్యార్థి పుస్తకం ఎంచుకుంటాడు. అంటే చదవడానికి వారం పైగా సమయం ఉంటుంది. బుధవారం ఈ వారం వంతు విద్యార్థి తరగతి ముందు ఐదు నిమిషాలు నోటితో చెబుతాడు. తోటివారు మూడే ప్రశ్నలు అడగాలి. ఈ నోటిమాట తప్పనిసరి, ఎందుకంటే చెప్పగలిగిన పిల్లవాడు రాయగలడు. గురువారం తెలుగు పీరియడ్‌లో ఇరవై నిమిషాలు తీసుకుని అతను అర పేజీ రాస్తాడు, మిగతావారు ఆ వేళ తమకు నచ్చింది చదువుకుంటారు. శుక్రవారం పొద్దున కాగితం బోర్డు మీద ఉండాలి. శుక్రవారమే ఎందుకంటే, సాయంత్రం పిల్లలను తీసుకెళ్లడానికి వచ్చే తల్లిదండ్రులు చూస్తారు, ఆ పుస్తకం సెలవు రోజుల్లో ఇంకో ఇంటికి వెళుతుంది. బోర్డు హెడ్మాస్టరు గది ముందు కాదు, గేటు పక్కన ఉండాలి. అంతా కలిపితే వారానికి తరగతి వేళలో అరగంట. పాఠ్యాంశాలు పూర్తికావన్న భయానికి మా జవాబు ఆ అరగంటే.

ఏమి రాయాలో చెప్పకపోతే పిల్లలందరూ ఒకే రెండు వాక్యాలు రాస్తారు: ఈ పుస్తకం చాలా బాగుంది, అందరూ చదవాలి. అందుకని నాలుగు ప్రశ్నలు ఇవ్వాలి. పుస్తకం పేరేమిటి, ఎవరు రాశారు, ఎన్ని పేజీలు? చివర ఏమవుతుందో చెప్పకుండా ఇందులో ఏముందో చెప్పు. ఏ చోట ఆగి మళ్లీ చదివావు, లేదా ఏ చోట విసుగు పుట్టింది? ఈ పుస్తకాన్ని మన తరగతిలో ఎవరికి ఇస్తావు, ఎందుకు? మూడో ప్రశ్నలోనే అసలు సమీక్ష ఉంది. నచ్చలేదని రాసే స్వేచ్ఛ ఇవ్వాలి. బడి కొన్న పుస్తకాన్ని పిల్లవాడు బాగాలేదంటే కోప్పడకూడదు, ఎందుకు బాగాలేదని అడగాలి.

దిద్దుబాటు దగ్గర ఒక మాట. ఒత్తు తప్పితే, దీర్ఘం పోతే చిత్తుప్రతి మీద పెన్సిలుతో చూపించి అతని చేతే సరిచేయించాలి. కానీ ‘యాడికి పోయినాడో’ అని రాస్తే ‘ఎక్కడికి వెళ్లాడో’ అని మార్చకూడదు. మొదటిది రాత తప్పు, రెండోది ఇంటి మాట. ఆగస్టు 29న మనం దండ వేసే గిడుగు, నేడు ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో బడి పంతులుగా ఉండి, జనం మాట్లాడే భాష రాతలోకి రావాలని వాదించారు. అక్కడి సవరల భాష నేర్చుకుని ఆ పిల్లల కోసం వాళ్ల భాషలో వాచకాలు తయారుచేశారు. ఆయన్ను తలచుకునే బడిలో పిల్లల ఇంటి మాటకు ఎర్ర సిరా గీత పడకూడదు.

పుస్తకాలు ఎక్కడివి?

ఇరవై నాలుగు వారాలకు ఇరవై నాలుగు పుస్తకాలు చాలు. వేల పుస్తకాల గ్రంథాలయం అక్కర్లేదు. బడి బీరువాలో ఇప్పటికే ఉన్నవాటిని ముందు బయటికి తీయాలి, తాళంచెవి ఎక్కడుందో వెతకాలి. నేషనల్ బుక్ ట్రస్ట్ నెహ్రూ బాల పుస్తకాలయం పుస్తకాలు, సికింద్రాబాదులోని మంచి పుస్తకం ప్రచురణలు తక్కువ వెలకు దొరుకుతాయి. ప్రథమ్ బుక్స్ బొమ్మల కథలను స్టోరీవీవర్‌లో అనేక భారతీయ భాషల్లో ఉచితంగా చదువుకోవచ్చు, అచ్చు తీసుకోవచ్చు. పుట్టినరోజుకు తరగతి అంతటికీ చాక్లెట్లు పంచే ఇల్లు, ఆ డబ్బుతో బడికి ఒక పుస్తకం ఇవ్వవచ్చు. ఏడాదిలో ఒక్క తరగతి ఆ మాట పాటించినా వచ్చే ఏడాది పట్టిక నిండుతుంది.

బోర్డు నుంచి దించిన కాగితాన్ని పారేయవద్దు. ఒక లావుపాటి నోటుపుస్తకంలో వరసగా అతికించండి. ఆ పుస్తకం అట్ట లోపల సమీక్ష రాసిన పిల్లల పేరు, తేదీ రాయండి. మార్కులు వద్దు, బహుమతులు వద్దు. ఏడాది చివర ఆ నోటుపుస్తకాన్ని కూడా బీరువాలో మిగతా పుస్తకాల పక్కనే పెట్టండి. మరుసటి జులైలో పుస్తకం ఎంచుకోవడానికి వచ్చే పిల్లవాడు ముందు దాన్ని తిరగేస్తాడు. పోయిన ఏడాది పక్క వీధి అక్క విసుగు పుట్టిందన్న పుస్తకం నిజంగానే అంత విసుగా అని చూడటానికి అదే పుస్తకం తీసుకునేవాళ్లూ ఉంటారు.

ఈ పనికి ఏ కార్యాలయం అనుమతీ అక్కర్లేదు, ఏ నిధీ రానక్కర్లేదు. ఒక కాగితం మీద ఇరవై నాలుగు గళ్లు గీసి, తేదీలు వేసి, చీటీలు తీసి పేర్లు రాస్తే పట్టిక తయారవుతుంది. ఉపాధ్యాయులకు మా విన్నపం: గళ్లు పెంచకండి, ఉన్నవాటిని వదలకండి. తల్లిదండ్రులకు మా విన్నపం ఇంకా చిన్నది: శుక్రవారం సాయంత్రం పిల్లలను తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు బోర్డు ముందు రెండు నిమిషాలు నిలబడండి. చదవడం రాకపోతే పక్కనున్న మీ బిడ్డ చేత చదివించుకోండి.